ఆఫీసు కదిలితే ఇల్లెక్కడ?

ఇల్లు మారడమంటే ఏమిటో మగవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. వాళ్ళకైతే ఓ లారీ, ఇద్దరు కూలీలు, ఓ రోజు సెలవు, అంతటితో సరి. మనకో! పాలవాడు కొత్త, పనిమనిషి కొత్త, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, పిల్లల బడి ఎంతదూరమో తెలియదు, పక్కింటావిడ మాట కలుపుతుందో తలుపు మూసుకుంటుందో అసలే తెలియదు. ఇంతా చేసి ఇల్లు సర్దుకుని ఊపిరి పీల్చుకునేసరికి మళ్ళీ ట్రాన్స్‌ఫరు కాగితం! ఈ బాధ పడనివాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు చెప్పండి?

2016లో మా అక్కయ్య కూతురు హైద్రాబాదు నుంచి ఫోను చేసింది. ఆ అమ్మాయిది సెక్రటేరియట్‌లో ఉద్యోగం. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్ ఆఫీసులన్నీ వెలగపూడికి కదులుతున్న రోజులవి. "పిన్నీ, విజయవాడలో ఇల్లు తీసుకోనా, గుంటూరులో తీసుకోనా, మంగళగిరిలోనా? లేకపోతే పిల్లల్ని ఇక్కడే ఆయన దగ్గర వదిలి నేనొక్కదాన్నీ వారం వారం రైల్లో తిరగనా?" అని అడిగింది. గొంతు చూస్తే ఏడ్చేట్టుంది. నేనేం చెప్పగలను? పక్క గదిలో మంచంమీద పడుకున్న మా అత్తగారు మాత్రం సంగతి విని కిసుక్కున నవ్వారు. "మూడేళ్ళలో మూడు ఊళ్ళు మారినదాన్ని నేను. నన్నడగమను" అన్నారు.

నిజమే. మా మామగారు చెన్నపట్నం సెక్రటేరియట్‌లో గుమాస్తాగా చేరి, 1953లో కర్నూలు వెళ్ళి, 1956లో హైద్రాబాదు వచ్చినవారు. చరిత్ర పుస్తకాలు తెరిస్తే ఆ మూడేళ్ళ గురించి ఒప్పందాలూ, ఉపన్యాసాలూ, మంత్రివర్గాలూ బోలెడు కనిపిస్తాయి. రాజధాని కదిలినప్పుడు దానితోపాటు పొయ్యీ, తిరగలీ, ఊరగాయ జాడీలూ కూడా కదిలాయన్న మాట మాత్రం ఎక్కడోగానీ కనబడదు. అందుకే ఇవాళ మీకు ఆ కథ చెప్పాలనిపించింది.

ముందు మదరాసు సంగతి. సెక్రటేరియట్ సముద్రపొడ్డున సెయింట్ జార్జి కోటలో ఉండేది. తెలుగు ఉద్యోగులు జార్జిటౌన్‌లో, ట్రిప్లికేన్‌లో, మైలాపూరులో, కొంచెం తర్వాతి కాలంలో మాంబళంలోనూ కాపురాలు పెట్టుకున్నారు. మాంబళం పక్కన త్యాగరాయనగరం, అదే టీ నగర్, 1920ల్లో వేసిన పేట. పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరది. మధ్యలో ఉన్న పార్కు పానగల్లు రాజాగారి పేర. ఇద్దరూ తెలుగువాళ్ళే. కాబట్టి తెలుగు ఇల్లాలికి అక్కడ పరాయితనం అంతగా ఉండేది కాదు.

ఆఫీసు దూరమే కదా, మరి ఎలా వెళ్ళేవారంటారా? మదరాసుకు ఆ విషయంలో ఏ లోటూ లేదు. 1895 నుంచీ ట్రాములున్నాయి. 1931 నుంచి బీచి స్టేషను మొదలు తాంబరం దాకా కరెంటు రైలుంది. మా మామగారు మాంబళంలో రైలెక్కి కోట స్టేషనులో దిగేవారట. తొమ్మిదింటికి వేడివేడి అన్నం తిని బయలుదేరితే వేళకు ఆఫీసులో ఉండేవారట. "రైలు కూత వింటే నేను పులుసు దించేదాన్ని. గడియారంతో పనే లేదు" అంటారు మా అత్తగారు. విచిత్రమేమంటే, తెలుగువాళ్ళు మదరాసు వదిలిన ఏడాదే ట్రాము కూడా మదరాసును వదిలింది. కంపెనీ నష్టాల్లో మునిగి 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి. ఆరు నెలలు తిరగకుండానే మనవాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు.

పొట్టి శ్రీరాములుగారు మదరాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన సంగతి మీకు తెలిసిందే. నాలుగు రోజులకు, 19వ తేదీన, నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. రాష్ట్రమైతే వస్తోంది, రాజధాని ఏదీ? మదరాసు మనకు రాదని తేలింది. కొన్నాళ్ళపాటు మదరాసులోనే ఉండనిస్తే బాగుంటుందని విచారణ జరిపిన జస్టిస్ వాంఛూగారు సూచించినా, అదీ కుదరలేదు. అప్పుడు అందరికీ 1937 నాటి ఓ కాగితం గుర్తొచ్చింది. మనం తలనొప్పికి రాసుకునే అమృతాంజనం ఉంది చూడండి, దాని సృష్టికర్త కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు మదరాసులో శ్రీబాగ్. ఆ ఇంట్లో ఆ ఏడు నవంబరు 16న కోస్తా పెద్దలూ రాయలసీమ పెద్దలూ కూచుని రాసుకున్న ఒడంబడిక అది. రాజధాని, హైకోర్టు, ఈ రెండింటిలో ఏది కావాలో ముందు రాయలసీమవాళ్ళు కోరుకోవచ్చు, రెండోది కోస్తాకు. విజయవాడ కావాలని, గుంటూరు కావాలని ఎంత వాదులాట జరిగినా చివరికి ఆ మాటే నిలిచింది. కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు 1954లో గుంటూరు వెళ్ళింది.

పెద్దల మాట నిలబడింది, సంతోషమే. కానీ చూడండి, పద్నాలుగు లక్షల జనం ఉన్న మదరాసు నుంచి, 1951 లెక్కల్లో 60 వేల చిల్లర జనాభా ఉన్న కర్నూలుకు ఓ ప్రభుత్వం మొత్తం దిగబడిందంటే ఆ ఊరు ఏమైపోవాలి? ఆ ఊళ్ళో మంచి ఇళ్ళున్నాయి, కానీ అవి అక్కడివాళ్ళ ఇళ్ళు. తుంగభద్రా హంద్రీ కలిసేచోట, కొండారెడ్డి బురుజు చుట్టూ, ఇరుకు వీధుల్లో ఎన్నాళ్ళనుంచో వాళ్ళు కాపురముంటున్నారు. కొత్తగా వచ్చే వేలమందికి ఇళ్ళెక్కడివి?

అందుకని గుడారాలు వేశారు. అవునండీ, గుడారాలే! ఆఫీసులకు గుడారాలు, ఉద్యోగులకు గుడారాలు. 1953 అక్టోబరు 1న నెహ్రూగారు వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రాత్రి ఫైళ్ళు ఓ గుడారంలో, వాటిని రాసే గుమాస్తా ఓ గుడారంలో పడుకున్నారు.

మదరాసు నుంచి గుంతకల్లు దాకా పెద్ద బండి. అక్కడ దిగి, సామాను దించి, మళ్ళీ మీటరుగేజి బండెక్కి, డోన్ మీదుగా కర్నూలు చేరాలి. చంకలో పిల్ల, చేతిలో ఊరగాయ జాడీ, నెత్తిన ఎండ. చాలామంది ఉద్యోగులు ముందు ఒంటరిగానే వెళ్ళారు. భార్యాపిల్లలు పుట్టింట్లోనో, మదరాసులోనో ఉండిపోయారు. రెండు సంసారాల ఖర్చు, ఒక జీతం. అప్పట్లో జీతమెంతని! మా అత్తగారు ఆరు నెలలు ఓపికపట్టి, ఇక లాభం లేదని, ఎవరూ పిలవకుండానే పిల్లాణ్ణెత్తుకుని కర్నూల్లో దిగిపోయారు. "వచ్చి ఎక్కడుంటావు?" అని మామగారు కేకలేస్తే, "మీరెక్కడుంటే అక్కడే" అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం ఇప్పటికీ చూడాలి!

కర్నూల్లో బస్సులూ రైళ్ళూ అక్కర్లేదు. ఆఫీసు నడిచివెళ్ళే దూరం. దూరం లేకపోవడం గొప్ప సుఖమనుకుంటాం గానీ, ఆవిడ లెక్క వేరు. మామగారి నడక తగ్గింది, ఆవిడ నడక పెరిగింది. నీళ్ళకు నడక, కట్టెలకు నడక, బియ్యానికి నడక. ఎండాకాలంలో గుడ్డ గుడారం కింద కూచుంటే పెనంమీద కూచున్నట్టే. గాలి వస్తే దుమ్ము, వాన వస్తే తాళ్ళు పట్టుకు కూచోడం. ఓ రాత్రి పిల్లాడి పక్కలో తేలు కనిపించింది. ఆ మర్నాడే ఆవిడ ఊళ్ళో పడి ఇంటి వేట మొదలుపెట్టారు. ఓ పెద్దింటి వెనకవైపు ఒకటిన్నర గది దొరికింది. ఆ ఇంటావిడే జొన్నరొట్టె తట్టడం నేర్పింది. ఇవాళ్టికీ మా ఇంట్లో రొట్టె ఆవిడ తట్టినంత గుండ్రంగా నేను తట్టలేను, ఒప్పుకోవాల్సిందే.

ఇళ్ళ కరువుకు చట్టం ఓ దారి చూపించింది. మదరాసు రాష్ట్రంలో 1949లో వచ్చిన అద్దె చట్టమే ఆంధ్రలోనూ నడిచింది. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలియజేయాలి, ప్రభుత్వోద్యోగికి కావాలంటే ప్రభుత్వం తీసుకోవచ్చు. ఆఫీసరు గారికది పనికొచ్చింది. గుమాస్తా భార్యకు మాత్రం చట్టంకంటే ఇంటావిడ మంచితనమే ఎక్కువ పనికొచ్చింది. పోనుపోను ప్రభుత్వం కూడా వరసలుగా క్వార్టర్లు కట్టించింది. ఆ పేటలకు ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని పేర్లు. మీరు ఇప్పుడు కర్నూలు వెళ్ళి సీ క్యాంపు అన్నా ఆటో అబ్బాయి సరాసరి తీసుకెళతాడు. రాజధాని వెళ్ళి అరవై ఏళ్ళు దాటినా క్యాంపు మాత్రం లేవలేదు.

అలా కుదురుకుంటున్నంతలో మళ్ళీ మార్పు. ఈసారి భాషారాష్ట్రాల ఏర్పాటు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకులూ పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. రాజధాని హైద్రాబాదు. కర్నూలు రాజధానిగా ఉన్నది సరిగ్గా 37 నెలలు. క్వార్టర్ల గోడలకు సున్నం వెలవకముందే ఖాళీ చెయ్యమన్నారన్నమాట. కర్నూలువాళ్ళ మనసుకు అది ఎలా ఉంటుంది? అద్దెలొస్తాయని అప్పుచేసి గదులు వేయించిన ఇంటావిడకు ఎలా ఉంటుంది? మా అత్తగారు వెళ్తుంటే ఆవిడ వాకిట్లో నిలబడి, "పోండి, అందరూ పోండి. మళ్ళా మా ఊరు మాకే మిగులుతుంది" అన్నదట. కోపమో, దుఃఖమో!

కర్నూలు నుంచి సికింద్రాబాదు వైపు అప్పట్లో మీటరుగేజి లైను ఉండేది. సామానుతో ఎక్కితే కాచిగూడాలో దిగొచ్చు. నా ఊహ ఏమిటంటే, కొత్తవాళ్ళు మొదట దిగిన స్టేషను చుట్టూ ఇల్లు వెతుక్కోవడం సహజం. కాచిగూడా, బర్కత్‌పురా, నారాయణగూడా, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్. తెలుగు ఉద్యోగుల కాపురాలు అటువైపు అంతగా చేరడానికి అదొక కారణం అయివుంటుంది. అసలు కారణం మాత్రం వేరే ఉంది. అది పిల్లల చదువు.

నిజాం కాలంలో చదువంతా ఉర్దూలో. అలాంటి రోజుల్లో మాడపాటి హనుమంతరావుగారు పూనుకుని 1928లో తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల పాఠశాల పెట్టించారు. అది నారాయణగూడాలో ఉంది. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. కోఠీలో పాత రెసిడెన్సీ భవనంలో ఆడపిల్లల కాలేజీ. ఏ తల్లి అయినా ఏం చూస్తుంది? మామగారు మలక్‌పేటలో చూద్దామన్నారు. 1908లో మూసీ వరద వచ్చి నగరం తుడిచిపెట్టుకుపోయాక, 1912లో పెట్టిన నగరాభివృద్ధి బోర్డు మలక్‌పేట, నాంపల్లి మొదలైన చోట్ల చక్కటి చిన్న చిన్న ఇళ్ళు కట్టించింది. అద్దె కూడా అందుబాటులోనే. అత్తగారు ఒప్పుకోలేదు. "మీకు అద్దె తగ్గుతుంది సరే. పిల్లకి రోజూ రిక్షా ఎవరు పెడతారు?" అన్నారు. నారాయణగూడాలో ఓ వాటా కుదిరింది. అద్దె జీతంలో మూడోవంతు. మామగారు మాత్రం సైకిలుమీద ఆఫీసుకు వెళ్ళి అద్దెలో పోయిన డబ్బు బస్సులో మిగుల్చుకున్నారు!

హైద్రాబాదు సెక్రటేరియట్ ఉన్నది సైఫాబాదులో, హుస్సేన్‌సాగరు ఒడ్డున. దానిలో పాత ప్యాలెస్ ఒకటి ఆరో నిజాం కట్టించుకున్నది. ఇల్లు చూడబోతే ఉడుము ఎదురొచ్చిందనీ, అపశకునమని తాళం వేయించారనీ కథగా చెప్పుకుంటారు. నవాబుగారు కాబట్టి సరిపోయింది! మనకు ఉడుము కాదుగదా, ఇంటిముందు మురికికాలవ ఎదురొచ్చినా అడ్వాన్సు ఇచ్చి చేరడమే. ఆ పాత భవనాలన్నీ 2020లో పడగొట్టేశారు. అదే చోట తెలంగాణా ప్రభుత్వం కట్టిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న తెరిచారు.

ఆ ఊళ్ళో ఇల్లాళ్ళకు అన్నిటికంటే నచ్చింది నల్లా. కుళాయిని అక్కడ నల్లా అంటారు. ఉస్మాన్‌సాగరు, మనం గండిపేట అనేది, 1920లో కట్టారు. హిమాయత్‌సాగరు 1927లో. ఇంట్లో తిప్పితే నీళ్ళు! గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైద్రాబాదు విడిచిపోరని నానుడి. కర్నూల్లో బిందెలు మోసిన నడుముకు ఆ నానుడి అర్థం వెంటనే తెలిసింది.

మాట మాత్రం తెలుగే అయినా కొత్తే. అద్దె అంటే కిరాయి, వీధి అంటే గల్లీ, ఉద్యోగం అంటే కొలువు లేదా నౌకరి. డబ్బు లెక్క మరీ గందరగోళం. నిజాం నాటి హాలీ సిక్కా ఇంకా జనం నోళ్ళలో ఉంది. ఏడు హాలీ రూపాయలకు మన ఆరు రూపాయలు. అది అలవాటయ్యేలోగా 1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చాయి. కూరగాయలవాడు హాలీలో చెపితే, మా అత్తగారు అణాల్లో బేరమాడి, చివరికి నయాపైసల్లో ఇచ్చేవారట. ఎవరు లాభపడ్డారో భగవంతుడికే తెలియాలి.

ఇక బస్సులు. నిజాం రైల్వేవాళ్ళు 1932లోనే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టారు. ఆ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం నిజాంగారి తల్లి జహరా బేగం పేరుమీద వచ్చిందంటారు. 1958 జనవరి 11న అదంతా రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. ఎర్ర డబుల్‌డెక్కరులో మేడమీద ముందు సీటులో కూచుని టాంక్‌బండ్ దాటడమంటే పిల్లలకు పండగే. మీలో హైద్రాబాదులో పెరిగినవాళ్ళకు 7 నంబరు బస్సు గుర్తుండే ఉంటుంది. 2003 దాకా తిరిగాయవి. సికింద్రాబాదులో, మారేడుపల్లిలో ఇల్లు తీసుకోవచ్చుననే ధైర్యం ఉద్యోగులకు ఆ బస్సుల వల్లే వచ్చింది. ఇళ్ళు చౌకగా, విశాలంగా దొరికే చోటికి బస్సు వెళితే చాలు, కాపురం దాని వెనకే వెళుతుంది. తర్వాత 1960లో హౌసింగ్ బోర్డు వచ్చింది. సంజీవరెడ్డినగర్, ఆపైన కూకట్‌పల్లి, ఇలా ఊరు పడమటికి పాకింది. మొదట్లో అక్కడ ఇల్లు వచ్చినవాళ్ళను చూసి జాలిపడ్డారు, "అయ్యో, అంత దూరమా!" అని. ఇవాళ ఆ జాలిపడ్డవాళ్ళ మనవలే అక్కడ ఫ్లాటు దొరక్క తిరుగుతున్నారు.

దూరం పెరిగిన కొద్దీ ఇంట్లో గడియారం ముందుకు జరుగుతుంది. ఆఫీసు పదిన్నరకే. మదరాసులో తొమ్మిదింటి అన్నం ఎనిమిదింటికి, ఎనిమిదింటిది ఏడున్నరకు. అన్నం తిని వెళ్ళడం పోయి కారియరు వచ్చింది. ఆడవాళ్ళు కూడా టైపిస్టులుగా, టెలిఫోను ఆపరేటర్లుగా, టీచర్లుగా బయలుదేరాక ఒక ఇంట్లో రెండు కారియర్లు, రెండు బస్సులు. వంట చేసి బస్సెక్కేది ఒక్కరే అన్న సంగతి మీకు నేను చెప్పాలా?

ఇంతవరకూ వచ్చినవాళ్ళ కష్టమే చెప్పాను. అదే చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. అదే నవంబరు 1న హైద్రాబాదు రాజ్యం మూడు ముక్కలైంది. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. ఉద్యోగులను కూడా పంచారు. తరతరాలుగా సుల్తాన్‌బజారులో కాపురమున్న మరాఠీ కుటుంబాల్లో కొందరికి బొంబాయి కాగితం వచ్చింది, కన్నడం వాళ్ళకు మైసూరు కాగితం వచ్చింది. మావాళ్ళు పెట్టెలు దించుతుంటే పక్క గల్లీలో ఇంకొకరు పెట్టెలు కడుతున్నారు. ఆ ఇల్లు ఖాళీ అవుతుందా అని మామగారు అడగబోయారట, అత్తగారు చెయ్యి పట్టి ఆపేశారు.

నారాయణగూడాలో ఇంటి యజమానురాలు వరంగల్లు వైపు ఆవిడ. పెద్ద మనసు మనిషి. అత్తగారి రెండో కానుపుకు ఆవిడే పత్యం పెట్టింది. కొన్నేళ్ళకు ఆవిడ కొడుకు బి.ఏ. పాసై ఖాళీగా కూచున్నాడు. ఓ సాయంత్రం ఆవిడ మెల్లగా అన్నదట: "నువ్వు మంచిదానివే బిడ్డా. నీ మీద నాకేం లేదు. మరి మా పోరనికి కొలువేది?" అత్తగారి దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదంటారు.

ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధన నిజాం కాలం నాటిది. 1956 ఒప్పందంలో కూడా తెలంగాణాలో ఉద్యోగానికి 12 ఏళ్ళ నివాసం ఉండాలని రాసుకున్నారు. రాసుకున్నవి సరిగా జరగలేదని 1969లో తెలంగాణా భగ్గుమంది. విద్యార్థులెందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెబితే, ఆంధ్ర వైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడా పిల్లలే పోయారు. 1973లో ఆరు సూత్రాలు, ఆ తర్వాత రాష్ట్రపతి ఉత్తర్వులు. వాటి ప్రకారం ఓ పిల్ల ఏ ప్రాంతపు స్థానికురాలో తేల్చేది ముఖ్యంగా వరసగా నాలుగేళ్ళు ఆ పిల్ల ఎక్కడ చదివిందన్నది. గమనించారా? నాన్న ఉద్యోగం కోసం అమ్మ ఎక్కడ ఇల్లు చూసిందో, ఆ ఇంటికి దగ్గరని ఏ బడిలో వేసిందో, దాన్నిబట్టి పాతికేళ్ళ తర్వాత పిల్లల ఉద్యోగం నిర్ణయమైంది. ఇల్లు చూసేటప్పుడు ఈ సంగతి ఎవరికి తెలుసు? మనం చూసింది నీళ్ళూ గాలీ వెలుతురూ.

2014 జూన్ 2న రాష్ట్రం మళ్ళీ రెండయింది. హైద్రాబాదు పదేళ్ళకు మించకుండా ఉమ్మడి రాజధాని అన్నారు. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2016లో వెలగపూడిలో తాత్కాలిక సచివాలయం తయారయింది. ఉద్యోగులు ఆ జూన్ నుంచీ కదిలారు. ఈసారి గుడారాలు లేవు, పక్కా గదులే. కదిలివచ్చిన వాళ్ళకు వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. సికింద్రాబాదు నుంచి గుంటూరు మీదుగా విజయవాడకు ఓ కొత్త రైలు కూడా వేశారు. కొందరికి ఉండటానికి వసతి చూపించారు. శుక్రవారం సాయంత్రం రైల్లో హైద్రాబాదు, సోమవారం పొద్దున్న మళ్ళీ కృష్ణ ఒడ్డు. కర్నూలు రోజుల్లో ఇలాంటి సదుపాయం కలలో కూడా లేదు. కానీ వారం వారం తిరిగే తల్లి లేదా తండ్రి ఇంట్లో ఐదు రోజులూ ఖాళీగా ఉండే కుర్చీ అప్పుడూ ఒక్కటే, ఇప్పుడూ ఒక్కటే.

పిల్లల స్థానికత మళ్ళీ తలెత్తింది. హైద్రాబాదులో పుట్టి పెరిగి చదివిన పిల్లలు ఆంధ్రాకు వస్తే అక్కడ స్థానికులు కారాయె! 2016లో రాష్ట్రపతి ఉత్తర్వులు సవరించి, విభజన నాటినుంచి మూడేళ్ళలోగా తరలివచ్చినవాళ్ళను స్థానికులుగా చూస్తామన్నారు. తర్వాత ఆ గడువును పొడిగించారు. మా అక్కయ్య కూతురు ఫోనులో ఏడ్చింది దీనికే. పెద్దపిల్ల పదో తరగతి. ఇప్పుడు కదిలిస్తే చదువు పాడవుతుందేమో, కదిలించకపోతే రేపు సీటు రాదేమో!

ఆ సాయంత్రం మళ్ళీ ఫోను చేసి మా అత్తగారికి ఇచ్చాను. ఎనభై దాటిన మనిషి, చెవికి సరిగ్గా ఆనించుకోవడం కూడా రాదు. విజయవాడ అయితే బస్సులు ఎక్కువ, అద్దెలూ ఎక్కువ. గుంటూరు అయితే అక్కయ్యవాళ్ళ బంధువులున్నారు, దూరం ఎక్కువ. మంగళగిరి దగ్గరే, కానీ పిల్ల కాలేజీకి బస్సెక్కాలి. అన్నీ ఓపిగ్గా విన్నారు. విని, "అమ్మాయ్, నువ్వు చూసొచ్చావా, మీ ఆయన చూసొచ్చాడా?" అని అడిగారు.

"ఆయనే వెళ్ళి మూడిళ్ళు చూసొచ్చారు అమ్మమ్మగారూ."

"అయితే వచ్చే ఆదివారం నువ్వు వెళ్ళు. పొద్దున్నే వెళ్ళి కుళాయి తిప్పి చూడు. ఆ ఇంటినుంచి పిల్ల బస్సుస్టాపు దాకా నీ కాళ్ళతో నువ్వు నడిచి చూడు. సాయంత్రం దీపాలు పెట్టాక ఇంకోసారి నడువు. ఇంటావిడతో ఓ గంట కూచో. అప్పుడు ఫోను చెయ్యి" అన్నారు.

ఆదివారం అది మంగళగిరిలో ఓ ఇల్లు చూసుకుని వచ్చింది. ఆయన చూసిన మూడింటిలో అది లేదు.